వాల్తేరు తొలి తరం: ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విద్యార్థుల ఘనతపై ఒక పరిశీలన

ఏ విశ్వవిద్యాలయం ఉత్సవ సంచిక తిరగేసినా పూర్వ విద్యార్థుల పేర్లు బారులు తీరి కనిపిస్తాయి. ఫలానా ఉపరాష్ట్రపతి, ఫలానా న్యాయమూర్తి, ఫలానా పారిశ్రామికవేత్త. వాళ్ళక్కడ చదివారన్నది నిజమే. ఆ చదువు వాళ్ళకు ఏమిచ్చింది, ఏమివ్వలేకపోయింది అన్న లెక్క మాత్రం ఆ పట్టికల్లో దొరకదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి పాతికేళ్ళను, అందులోనూ విజ్ఞానశాస్త్ర శాఖలను, ఆ ప్రశ్న దగ్గర పెట్టుకొని చూడడమే ఈ వ్యాసం పని. ఆ శాఖల ఘనతను తర్వాత లోకప్రసిద్ధులైన వాళ్ళ పేర్లలో కన్నా, అరకొర సరంజామాతో అక్కడే సాగిన పనిలో వెతకాలన్నది నా వాదన.

పరిషత్తు మొదట బెజవాడలో కాపురం పెట్టింది. స్థలం గురించిన పేచీలు ఒక కొలిక్కి వచ్చాక 1930లో విశాఖపట్నంలోని వాల్తేరు చేరింది. అదే ఏడు మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి, ఉప్పు సత్యాగ్రహంపై ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా రాజీనామా చేశారు. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్, ఆ తర్వాత 1949 దాకా మళ్ళీ కట్టమంచివారే. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయల విరాళం ఇవ్వడంతో విజ్ఞాన కళాశాలకు ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ రోజుల్లో లక్ష చిన్న మొత్తం కాదు. అయినా కలకత్తా, మద్రాసుల ముందు వాల్తేరు పేదదే.

ఆ లోటును మనుషులతో పూడ్చారు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువ మేధావులు రాధాకృష్ణన్ హయాంలో ఇక్కడ పాఠాలు చెప్పారు. సి.వి. రామన్ శిష్యుడు సూరి భగవంతం 1932లో భౌతికశాస్త్ర శాఖలో చేరేనాటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు కూడా సరిగా నిండలేదు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన టి.ఆర్. శేషాద్రి 1933లో రసాయనశాఖకు వచ్చారు. నేటి నియామక నిబంధనలు అప్పుడు ఉండివుంటే భగవంతం దరఖాస్తు ఎక్కడ ఆగిపోయేదో చెప్పనక్కర్లేదు.

వీళ్ళు ఎంచుకున్న విషయాలు గమనించదగ్గవి. రామన్ ఫలితం మీద పని చేయడానికి భారీ యంత్రాలు అక్కర్లేదు. పాదరసపు దీపం, వర్ణపటలేఖిని, ఫోటో పలక, ఓపిక ఉంటే చాలు. ఒక స్ఫటికం మీద కాంతి పడినప్పుడు చెదిరిన వెలుగులో ఏ గీతలు రావాలి, ఏవి రాకూడదు అన్నది ఆ స్ఫటికపు సౌష్ఠవాన్ని బట్టి ముందే లెక్కకట్టవచ్చు. ఆ లెక్కకు కాగితం, కలం, గణితంలోని సమూహ సిద్ధాంతం సరిపోతాయి. భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి చేసింది ఇదే. ఈ విషయం మీద వాళ్ళిద్దరూ రాసిన పాఠ్యగ్రంథాన్ని 1948లో పరిషత్తే అచ్చువేసింది. అంతకు ముందు 1940లో కాంతి పరిక్షేపణంపై భగవంతం పుస్తకాన్ని వెలువరించినదీ ఈ సంస్థే. వాల్తేరు ముద్రతో వచ్చిన భౌతికశాస్త్ర గ్రంథాలను పరిశోధకులు మూలాధారాలుగా వాడుకున్న కాలమది.

రసాయనశాఖ మరో దారిన నడిచింది. శేషాద్రి, ఆయన విద్యార్థులు పత్తి పూలలోని పసుపు రంగులను, కానుగ చెట్టు నుంచి తీసిన స్ఫటిక పదార్థాలను పట్టుకొని వాటి అణునిర్మాణం తేల్చారు. ముడిసరుకు కోసం విదేశాలకు ఆర్డర్లు పెట్టే అవసరం లేదు. ఊరి చివర దొరికేదే.

1942 ఏప్రిల్‌లో జపాను బాంబులు విశాఖ మీద పడ్డాయి. భవనాలు సైన్యం అధీనంలోకి పోవడంతో పరిషత్తు గుంటూరుకు తరలింది. ప్రయోగశాలలు మూటగట్టి, పరాయి ఊళ్ళో తిరిగి నిలబెట్టి, యుద్ధం ముగిశాకే సొంత గూటికి చేరారు. పైన చెప్పిన 1948 నాటి గ్రంథం ఈ వలస తర్వాత వచ్చినదని గుర్తుంచుకోవాలి.

ఇక అందరూ ముందు చెప్పే పేరు గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు (సి.ఆర్. రావు). తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామలలో బడి చదువు సాగింది. తండ్రి ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబం విశాఖలో స్థిరపడింది కాబట్టే ఆయన వాల్తేరు విద్యార్థి అయ్యారు. తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదివించేదని ఆయనే రాసుకున్నారు. గణితంలో మొదటి తరగతిలో మొదటి స్థానం వచ్చింది. అయినా వాల్తేరులో పరిశోధనకు దారి దొరకలేదు. యుద్ధకాలం, ఉద్యోగాలు లేవు. సైన్యంలో గణితజ్ఞుడి కొలువు కోసం కలకత్తా వెళితే అదీ రాలేదు. అక్కడ బస చేసిన దక్షిణాది హాస్టల్లో, భారత గణాంక సంస్థలో శిక్షణ పొందుతున్న ఒక వ్యక్తి పరిచయమయ్యాడు. ఆ పరిచయం వల్లే 1941 జనవరి 1న రావు ఆ సంస్థలో చేరారు.

మిగతా కథ గణాంకశాస్త్రం చదివే ప్రతివారికీ తెలుసు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆయన పాఠం చెబుతుండగా వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి ఒక సందేహం అడిగాడు. నమూనా చాలా పెద్దదైనప్పుడు వర్తించే, గణాంకశాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ ఫలితం లాంటిది చిన్న నమూనాలకు ఉండదా అని. రావు ఆ రాత్రే కూర్చొని సాధించారు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చయిన ఆ వ్యాసంలోనిదే క్రామర్–రావు అసమానత: నిష్పాక్షికమైన అంచనా ఏదైనా, దాని విచలనం ఒక హద్దు కన్నా కిందికి దిగదు. అప్పటికాయన వయసు పాతికేళ్ళు. 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకొని, అదే ఏడు ఆగస్టులో నూట రెండేళ్ళ వయసులో కన్నుమూశారు.

ఈ ఘనతలో వాల్తేరు వాటా ఎంత? గట్టి గణితపు పునాది దానిది. పని, జీతం, ప్రశ్నించే విద్యార్థులు కలకత్తావి. ఇరవై ఏళ్ళ తర్వాత బి.ఎల్.ఎస్. ప్రకాశరావుదీ అదే బాట: 1960లో వాల్తేరులో గణితం ఆనర్స్, ఆ వెంటనే భారత గణాంక సంస్థ, తర్వాత అమెరికాలో డాక్టరేట్. ఆయన ఆ సంస్థకే డైరెక్టరు అయ్యారు. చదువు చెప్పిన చోట పై మెట్టు లేకపోతే చురుకైనవాళ్ళు వెళ్ళిపోక ఏం చేస్తారు? ఉపాధ్యాయులూ నిలవలేదు. శేషాద్రి 1949లో ఢిల్లీకి, భగవంతం తర్వాత ఉస్మానియాకు, అక్కడినుంచి బెంగళూరుకు వెళ్ళారు. ప్రసిద్ధుల పట్టికలు దాచేది సరిగ్గా ఈ వలసనే.

2026తో పరిషత్తుకు నూరేళ్ళు. ఈ సందర్భంలో మరో ఫోటోల సంచిక కన్నా 1932–49 మధ్య శాఖలవారీగా వెలువడిన పరిశోధన పత్రాల సూచిక ఎక్కువ ఉపయోగం. వెంకటరాయుడి వంటి వాళ్ళు, పురస్కారాలు రాకపోయినా పని చేసిపోయిన విద్యార్థులు, అందులోనే కనిపిస్తారు. ఆ తరంవాళ్ళ ప్రయోగశాల నోటు పుస్తకాలు, ఉత్తరాలు, సిద్ధాంత వ్యాసాల ప్రతులు ఇళ్ళలో ఉన్న కుటుంబాలు వాటిని పరిషత్తు వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి అప్పగించాలని మనవి.