కావలి తుపాకీ

చిత్తూరు సీమ కొండపల్లెల్లో ఒకప్పుడు తుపాకీకి లైసెన్సు లేదు, ఖర్చు మాత్రం ఉండేది. స్థానిక పాలకుడైన పాలెగాడి కింద పనిచేసే కట్టుబడి బంటుకు జీతానికి బదులు మాన్యం దక్కేది. పిలుపొస్తే ఆయుధంతో కదలాలి. ఊరినీ బాటనూ కాచినందుకు రైతులు కావలి రుసుము చెల్లించేవారు. దాన్ని చందా అనాలో, దండుగ అనాలో కట్టినవాడికే తెలియాలి!

1801లో ఈ సీమ కూడా ఉన్న కర్ణాటక రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. 1804లో చిత్తూరు పాలెగాళ్లు తిరగబడ్డారు. మరుసటి ఏడాదికల్లా కంపెనీ సేనలు వాళ్లను అణచేశాయి.

1878 ఆయుధాల చట్టం లైసెన్సును తప్పనిసరి చేసింది, దొరలకు మాత్రం మినహాయింపు. ఆ అవమానం జాతీయోద్యమానికి అస్త్రమైంది. ఊరూరా తిరిగే కార్యకర్తలతో, నాలుగణాల సభ్యత్వంతో పెరిగిన కాంగ్రెసు, 1931 కరాచీ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కునూ ప్రాథమిక హక్కుల్లో చేర్చింది.

తీరా అధికారం అందాక లెక్క మారింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ అదే హక్కు కోరితే అంబేద్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. మాట తప్పారనడం తేలికే గానీ, దేశ విభజన నెత్తురు అప్పటికింకా ఆరలేదు.

1959 ఆయుధాల చట్టమే నేటికీ అమల్లో ఉంది. ఎన్నికలొస్తే చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోనూ లైసెన్సు తుపాకులు సాధారణంగా పోలీసుస్టేషను చేరతాయి.