చదరంగం గళ్లూ, వడ్డీ లెక్కా

మన పిల్లలకు లెక్కలు రావనే మాట ఇక్కడ చెవిటికల్లులో కూడా వినీ వినీ విసుగొచ్చింది. అందుకే ఈసారి ఒక పెద్ద సంఖ్య కథ రాస్తున్నాం.

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో 2, తర్వాత 4... ఇలా 64 గళ్లూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన (11వ శతాబ్దం) పేరు మీదున్న ఒక పద్యం ఈ సంఖ్యనే చెబుతుంది. అందులో అంకెలుండవు, మాటలే. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే సున్నా. మొదటి మాట ఒకట్ల స్థానం, అక్కణ్ణుంచి ఎడమకు. కాగితం అక్కర్లేదు, నోట్లో ఉంటే చాలు. చరిత్రను పాటల్లో దాచుకున్న మనకు ఇదేం కొత్త కాదు.

చివర 5 ఉంది కాబట్టి 5తో భాగం పోతుంది. అంకెలు కూడితే 87, కాబట్టి 3తోనూ పోతుంది. 641తో కూడా పోతుంది, ఓపికుంటే చేసి చూడండి. అసలు గమ్మత్తు ఏంటంటే, ఏ గడి తీసుకున్నా, ముందు గళ్లన్నీ కలిపినదాని కంటే అందులో ఒక గింజ ఎక్కువే.

చక్రవడ్డీ పెరిగేదీ ఇట్లాగే. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీకి తెచ్చిన వడ్డీ, భూబదిలీ చట్టం కొండజాతుల అప్పుల మీద చక్రవడ్డీ కూడదంది. ఏడాదికి నూటికి 24 మించొద్దంది. మొత్తం వడ్డీ అసలును దాటకూడదంది. అంటే రెండో గడి దగ్గరే గీత గీసింది. మన నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఏజెన్సీ కాదు, ఆ గీత ఇక్కడిదాకా రాలేదు. నెలకు నూటికి 3 రూపాయల చొప్పున తెచ్చి, వడ్డీని నెలనెలా అసల్లో కలిపితే రెండేళ్లకే రెండో గడి. ఎనిమిదేళ్లకు అయిదో గడి: పదివేల అప్పు లక్షా అరవై వేలు దాటుతుంది.