పెట్టె మీది హెచ్చరిక: భారతదేశంలో పొగాకు నియంత్రణ చట్టాల పూర్వాపరాలు

ఉత్తర కోస్తా ఆంధ్రలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల్లో, చుట్టను నిప్పు అంటుకున్న కొస నోటిలోపల ఉండేలా తిప్పి పెట్టుకొని పీల్చే అలవాటు తరతరాలుగా ఉండేది. దీనిని అడ్డపొగ అంటారు. మగవారికంటే ఆడవారిలో ఇది ఎక్కువగా కనిపించేది. గాలికీ నీటి తుంపరకూ నిప్పు ఆరదనీ, చుట్ట నెమ్మదిగా కాలి చాలాసేపు వస్తుందనీ, పనిచేసుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయనీ దీనికి కారణాలు చెప్పేవారు. నిప్పు సెగ, పొగ నేరుగా అంగిలికి తగలడం వల్ల అక్కడ తెల్లని మచ్చలు, పుండ్లు ఏర్పడి, కొందరిలో అవి గట్టి అంగిలి క్యాన్సర్‌గా మారేవి. ఇతర ప్రాంతాల్లో అరుదుగా కనిపించే ఈ వ్యాధి ఈ తీరంలో తరచుగా కనిపించడమే వైద్యుల దృష్టిని ఇటు మళ్లించింది. పొగాకు నియంత్రణ చరిత్రను సాధారణంగా ఢిల్లీలో చేసిన చట్టాలతో మొదలుపెడతారు గాని, ఆ చట్టాలకు ఆధారమైన సాక్ష్యంలో ఒక ముఖ్యభాగం ఈ పల్లెల ఆడవారి నోళ్లలో దొరికిందన్న సంగతి మరువరానిది.

భారతదేశంలో క్యాన్సర్ పరిశోధనకు పునాది వేసినవారిలో ఒకరైన వి.ఆర్. ఖనోల్కర్ 1945లోనే, ఇక్కడి ప్రజల అలవాట్లతో ముడిపడిన మూడు రకాల క్యాన్సర్లను వివరిస్తూ, వాటిలో ఒకటిగా చుట్ట వల్ల వచ్చే అంగిలి క్యాన్సర్‌ను పేర్కొన్నారు. 1966 నుంచి బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫలీ మెహతా బృందం, డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి, దేశంలోని ఐదు జిల్లాల్లో ఇంటింటికీ వెళ్లి 50,915 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించింది. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. ఆ జిల్లాలో పరీక్షించిన 10,169 మందిలో అడ్డపొగ తాగేవారికీ అంగిలి గాయాలకూ ఉన్న సంబంధాన్ని వివరించే వ్యాసం 1971లో వెలువడింది. అదే బృందం ఆ తరువాత ప్రకాశ్ సి. గుప్తా గణాంక సహాయంతో ఒక అడుగు ముందుకు వేసి, ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడకందారులను ఏళ్ల తరబడి అనుసరిస్తూ, అలవాటు మానమని నచ్చజెబితే వ్యాధి తగ్గుతుందా అన్న ప్రశ్నను పరీక్షించింది. 1986లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైన ఫలితాలను బట్టి, అలవాటు మానినవారిలో, తగ్గించినవారిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చల సంభవం తగ్గినట్లు తేలింది. చదువు పెద్దగా లేని పల్లెల్లో సైతం, ఓపికగా చెబితే మనుషులు అలవాటు మార్చుకుంటారని ఈ అధ్యయనం చూపించింది. ఆ తరువాతి ఉద్యమానికంతటికీ ధైర్యమిచ్చిన ఆధారాల్లో ఇది ఒకటి.

అదే రాష్ట్రంలో, కొంచెం దక్షిణంగా, పొగాకు మరో జీవితం గడుపుతూ వచ్చింది. గోదావరి లంకల్లో పండే చుట్ట పొగాకుకు పాత ప్రఖ్యాతి ఉండగా, 1920ల నుంచి గుంటూరు నల్లరేగడి నేలల్లో సిగరెట్‌కు పనికివచ్చే వర్జీనియా పొగాకు సాగు వేళ్లూనింది. ఈ రకం ఆకును ఎండలో ఆరబెట్టరు. బ్యారన్ అనే ఎత్తైన గదిలో కర్రలకు కట్టి వేలాడదీసి, కింద ఇనుప గొట్టాల గుండా వేడిని పంపి, పొగ ఆకుకు తగలకుండా పసుపురంగు తిరిగేదాకా మగ్గబెడతారు. బ్యారన్ కట్టాలన్నా, కట్టెలో బొగ్గో కొనాలన్నా, కూలీలను పెట్టుకోవాలన్నా పెట్టుబడి కావాలి కాబట్టి, ఈ పంటతో రైతుకు అప్పు, కంపెనీ, ఎగుమతి మార్కెట్ అనే మూడు బంధాలు కలిసే వచ్చాయి. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. సాగు క్రమేణా ప్రకాశం, నెల్లూరు, పశ్చిమ గోదావరి జిల్లాల తేలిక నేలలకు పాకింది.

ఈ రెండు జీవితాలూ 1975లో పార్లమెంటు ముందు ఎదురుపడ్డాయి. ఆ ఒక్క సంవత్సరంలోనే పొగాకుపై రెండు చట్టాలు వచ్చాయి. మొదటిది పొగాకు బోర్డు చట్టం. దీని ప్రకారం 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా బోర్డు ఏర్పడి, వర్జీనియా పొగాకు సాగును క్రమబద్ధం చేయడం, ఎగుమతులను పెంచడం తన బాధ్యతగా స్వీకరించింది. రెండవది సిగరెట్ల చట్టం. ప్రతి సిగరెట్ పెట్టె మీదా, ప్రకటన మీదా సిగరెట్ తాగడం ఆరోగ్యానికి హానికరమని ముద్రించాలని ఇది శాసించింది. ఆకును పెంచడానికి ఒక యంత్రాంగమే ఏర్పడగా, దాని హాని గురించి చెప్పడానికి ఒక చిన్న వాక్యం మాత్రమే దక్కింది. అంతకంటే పెద్ద లోపం ఆ వాక్యం సిగరెట్‌కే పరిమితం కావడం. దేశంలో అధిక సంఖ్యాకులు వాడే బీడీ, చుట్ట, ఖైనీ, జర్దా ఈ చట్టం పరిధిలోకి రాలేదు. శ్రీకాకుళం పల్లెలో అడ్డపొగ తాగే స్త్రీకి ఆ చట్టం వల్ల ఒరిగిందేమీ లేదు. ఆమెకు ఆ అక్షరాలు చదవడం వచ్చి ఉండే అవకాశమూ తక్కువే.

తరువాతి రెండు దశాబ్దాలు నియంత్రణ కంటే వ్యాపార విస్తరణకే కలిసి వచ్చాయి. గుట్కా చిన్న పొట్లాల్లో కిళ్లీ కొట్టు నుంచి బడి పిల్లల జేబుల దాకా చేరింది. సిగరెట్ కంపెనీలు క్రికెట్‌కు ప్రాయోజకులయ్యాయి. 1996లో భారత్, పాకిస్తాన్, శ్రీలంక కలిసి నిర్వహించిన ప్రపంచ కప్ ఒక సిగరెట్ పేరుతోనే జరిగింది. దీనికి ఎదురు నిలిచిన మొదటి గొంతుల్లో గోవాకు చెందిన క్యాన్సర్ శస్త్రవైద్యుడు శరద్ వైద్యది ముఖ్యమైనది. పొగాకు నిర్మూలనకు ఒక జాతీయ సంస్థను స్థాపించిన ఆయన, క్రికెట్ ప్రాయోజకత్వం చూసిన పిల్లల్లో పొగతాగి చూడాలన్న కోరిక ఎలా పెరుగుతుందో సహచరులతో కలిసి అధ్యయనం చేసి 1996లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. మరుసటి సంవత్సరమే గోవా శాసనసభ బహిరంగ ధూమపానాన్నీ ఉమ్మివేయడాన్నీ నిషేధించే చట్టం చేసింది. అంతకుముందు 1996లో ఢిల్లీ కూడా అటువంటి చట్టం తెచ్చింది. రోగిని కాపాడలేని స్థితిలో పదేపదే కత్తి పట్టిన వైద్యుడు శాసనసభ తలుపు తట్టడం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపించే దృశ్యం.

అయితే వాదన తీరును మార్చింది న్యాయస్థానాలు. అంతవరకు పొగతాగడం తాగేవాడి సొంత వ్యవహారంగానే చెలామణి అయింది. 1999 జూలైలో కె. రామకృష్ణన్ కేసులో కేరళ హైకోర్టు, బహిరంగ స్థలాల్లో పొగతాగడం పక్కవారి ప్రాణహక్కుకు, అంటే రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన హక్కుకు, భంగకరమని తీర్పు చెప్పింది. 2001 నవంబర్ 2న మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు ఆస్పత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్లతో సహా ప్రజారవాణా వాహనాల్లో ధూమపానాన్ని దేశమంతటా నిషేధించింది. తాగని మనిషి ఊపిరికి చట్టంలో చోటు దొరకడంతో, నియంత్రణను వ్యక్తి స్వేచ్ఛపై దాడిగా చూపే వాదం బలం కోల్పోయింది.

2003లో రెండు పరిణామాలు కలిసి వచ్చాయి. మేలో సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆంగ్ల నామంలోని తొలి అక్షరాలను బట్టి దీనిని కోట్పా అని వ్యవహరిస్తారు. బీడీ, చుట్ట, నమిలే పొగాకు అన్నిటినీ ఒకే చట్టం కిందికి తెచ్చి, ప్రకటనలను నిషేధించి, 18 ఏళ్ల లోపువారికీ, విద్యాసంస్థలకు వంద గజాల లోపునా అమ్మకాన్ని అడ్డుకొని, పెట్టెలపై బొమ్మలతో కూడిన హెచ్చరికలకు ఇది వీలు కల్పించింది. అదే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు పొగాకు నియంత్రణ ఒడంబడికను ఆమోదించాయి. ఆ సంస్థ తన సంధి అధికారంతో కుదిర్చిన మొదటి ఒప్పందం ఇదే. భారత్ దీనిని 2004 ఫిబ్రవరిలో ధ్రువీకరించింది. ఈ దశలో ప్రభుత్వానికి శాస్త్ర సామగ్రి సమకూర్చి, స్వచ్ఛంద సంస్థలను ఒక తాటిపైకి తేవడంలో హృద్రోగ నిపుణుడు కె. శ్రీనాథరెడ్డి పాత్ర గణనీయం. ఉస్మానియా వైద్య కళాశాలలో చదివిన ఈ తెలుగు వైద్యుడు 1990ల తొలినాళ్లలో స్థాపించిన హృదయ్ సంస్థ, ఢిల్లీ పాఠశాలల పిల్లలనే ప్రచారకర్తలుగా తీర్చిదిద్దింది. ఆయన, ప్రకాశ్ గుప్తా సంపాదకులుగా 2004లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ వెలువరించిన పొగాకు నియంత్రణ నివేదిక, శ్రీకాకుళం అధ్యయనాల నుంచి పన్నుల లెక్కల దాకా అన్నిటినీ ఒకచోట చేర్చింది.

చట్టం రావడంతో పని ముగియలేదు. అసలు పోరాటం పెట్టె మీద జాగా కోసం జరిగింది. పదాలు చదవలేని మనిషికి బొమ్మ చెబుతుంది కనుకా, రోజుకు పదిసార్లు చేతిలోకి వచ్చే పెట్టె మీద పడే బొమ్మకు ప్రభుత్వం పైసా ఖర్చు పెట్టనక్కరలేదు కనుకా, ఉద్యమకారులు దీని మీదే దృష్టి నిలిపారు. వ్యాపారులు కూడా సరిగ్గా అందుకే దీనిని తీవ్రంగా ప్రతిఘటించారు. బొమ్మల నియమాలను 2006 జూలైలో ప్రకటించినా, అమలు తేదీ ఒకదాని తరువాత ఒకటిగా వాయిదా పడింది. పుర్రె, ఎముకల గుర్తు తప్పనిసరి అన్న నిబంధనను 2007లో చట్టాన్నే సవరించి సడలించారు. మంత్రుల బృందం కూర్చొని బొమ్మల తీవ్రతను తగ్గించింది. బీడీ కార్మికుల ఉపాధి పోతుందన్న వాదన ప్రతి సమావేశంలోనూ ముందుకు వచ్చింది. ఆ కార్మికుల కూలి పెంచాలన్న మాట మాత్రం అంత బలంగా వినిపించలేదు. స్వచ్ఛంద సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్లిన మీదట, ఎట్టకేలకు 2009 మే 31న బొమ్మలు వచ్చాయి. అవి పెట్టె ముందువైపు 40 శాతం జాగాలో మాత్రమే ఉండేవి. నమిలే పొగాకు పొట్లం మీద తేలు బొమ్మ వేశారు. తేలుకూ నోటి క్యాన్సర్‌కూ సంబంధమేమిటో పొట్లం కొన్నవారికి తోచే వీలు లేదు. అంత బలహీనమైన బొమ్మకు మూడేళ్లు పట్టడం ఈ చరిత్రలో బాధాకరమైన ఘట్టం.

ఈ దశలోనే ఉద్యమానికి కొత్త సాక్షులు వచ్చారు. ముంబయి టాటా స్మారక ఆస్పత్రికి చెందిన శస్త్రవైద్యుడు పంకజ్ చతుర్వేది చొరవతో, దవడను, నాలుకను, స్వరపేటికను కోల్పోయిన రోగులు మంత్రులను, శాసనసభ్యులను స్వయంగా కలిసి మాట్లాడసాగారు. 2012 అక్టోబర్ 2 నుంచి పొగతాగే దృశ్యాలున్న సినిమాలకు ముందు హెచ్చరిక చిత్రం చూపడం తప్పనిసరి అయింది. ఆ చిత్రాల్లో ఒకదాని మొదటి మాటలు తెలుగు ప్రేక్షకుల నోళ్లలో ఎంతగా నానాయంటే, 2018లో ఒక తెలుగు సినిమా వాటినే పేరుగా పెట్టుకుంది.

2014 అక్టోబర్‌లో కేంద్రం, పెట్టెకు రెండువైపులా 85 శాతం మేర హెచ్చరిక ఉండాలని, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలని ప్రకటించింది. గడువు దగ్గరపడుతుండగా పార్లమెంటు కమిటీ ఒకటి, పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధంపై భారతీయ అధ్యయనాలు లేవన్న వాదంతో వాయిదా కోరింది. ఆ కమిటీలో బీడీ వ్యాపారం ఉన్న సభ్యుడూ ఉండటం వివాదమైంది. ఖనోల్కర్ నుంచి లాన్సెట్ వ్యాసం దాకా సాగిన పరిశోధన అంతా జరగనట్టే ఆ మాట అన్నారు. ప్రభుత్వ ప్రచార చిత్రంలోనే కనిపించిన 28 ఏళ్ల నోటి క్యాన్సర్ రోగి ఒకరు, వాయిదాపై ఆవేదనతో ప్రధానమంత్రికి లేఖ రాసి, కొద్ది రోజులకే, ఆ హెచ్చరికలు అమలు కావలసిన 2015 ఏప్రిల్ 1వ తేదీనే కన్నుమూశారు. రాజస్థాన్ హైకోర్టు జోక్యం తరువాత 2016 ఏప్రిల్ 1న 85 శాతం నియమం అమల్లోకి వచ్చింది. 2017 డిసెంబర్‌లో కర్ణాటక హైకోర్టు దీనిని కొట్టివేయగా, 2018 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చి, ప్రజారోగ్యానికే ప్రాధాన్యమని తేల్చింది. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి అలవాటు మానాలనుకునేవారికి సహాయపడే ఫోన్ నంబరు కూడా పెట్టె మీదికి చేరింది.

వయోజనుల పొగాకు వాడకంపై జరిగే జాతీయ సర్వేలో, 2009–10లో 34.6 శాతంగా ఉన్న వాడకందారుల నిష్పత్తి 2016–17 నాటికి 28.6 శాతానికి దిగింది. ఈ తగ్గుదలను ఒక్క బొమ్మల ఖాతాలోనే వేయడం సరికాదు. పన్నులు, గుట్కా నిషేధాలు, పెరిగిన చదువు కూడా ఇందులో పాలుపంచుకొని ఉంటాయి.

ఈ నియంత్రణ వల్ల జీవనోపాధి మారేవారి సంగతి మాత్రం వెనకబడిపోయింది. ప్రపంచ ఒడంబడికలోని 17వ అధికరణం పొగాకు రైతులకు, కార్మికులకు ప్రత్యామ్నాయ ఉపాధి చూపాలని చెబుతుంది. కోట్పాలో దానికి సమానమైన అధ్యాయం లేదు. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో తునికాకులో పొగాకు చుట్టి బతికే స్త్రీలకు తెలంగాణ ప్రభుత్వం 2014 తరువాత జీవనభృతి ఇవ్వసాగింది గాని, అది ఉపశమనమే తప్ప మరో వృత్తి కాదు. ప్రకాశం జిల్లాలో ధరలు పడిపోయిన 2015లో పలువురు పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వారిని ముంచింది పెట్టె మీది బొమ్మ కాదు, ఎగుమతి మార్కెట్ మీదా బ్యారన్ అప్పు మీదా నిలబడిన సాగు విధానం. అయినా, 2016 నవంబర్‌లో ఒడంబడిక దేశాల సమావేశం గ్రేటర్ నోయిడాలో జరిగినప్పుడు నిరసన తెలిపినవారిలో రైతులు ఉన్నారు. శనగకో మిరపకో అపరాలకో మారాలంటే విత్తనం, నీరు, గిట్టుబాటు ధర, పాత అప్పు తీరే దారి ఒకేసారి కావాలి. వాటిని సమకూర్చే అధికారం ఆరోగ్య మంత్రిత్వ శాఖ చేతిలో లేదు. వ్యవసాయ, వాణిజ్య శాఖల చేతిలో ఉంది. ఆరోగ్య ఉద్యమం ఆ శాఖల తలుపులు తట్టడం ఇంకా మొదటి దశలోనే ఉంది.