సోనూ సూద్ పేరుతో మటన్ షాప్.. సెలబ్రిటీల వెజ్ యాడ్స్ మాట జనం వింటారా?

ఆయనేమో పక్కా వెజిటేరియన్. ఆయన పేరుతో తెరిచింది మాత్రం మటన్ షాప్! 2021 మే నెలలో కరీంనగర్‌లో ఓ అభిమాని చేసిన పని ఇది. వార్త వైరల్ అయి సోనూ సూద్ దాకా వెళ్లింది. తాను శాకాహారినని, తన పేరుతో మటన్ దుకాణమా అని ఆశ్చర్యపోయిన ఆయన.. ఏదైనా వెజ్ షాపు పెట్టుకుంటే సాయం చేస్తానన్నట్టుగా ట్వీట్ చేశారు.

అప్పటికే పెటా ఇండియా ఆయన్ను, శ్రద్ధా కపూర్‌ను 2020కి గాను 'హాటెస్ట్ వెజిటేరియన్' సెలబ్రిటీలుగా ప్రకటించింది. అదే ఏడాది డిసెంబర్‌లో సిద్దిపేట జిల్లా దుబ్బ తండాలో లాక్‌డౌన్ సాయానికి కృతజ్ఞతగా ఆయనకు గుడి కూడా కట్టారు. అంటే అభిమానానికి లోటు లేదు. కానీ ఆ అభిమానం వంటింటి దాకా వెళ్లలేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల.. 2016 అక్టోబర్ వరకు ఇవన్నీ పాత కరీంనగర్ జిల్లాలోని ఊళ్లే. కేంద్రం 2014లో చేసిన ఎస్‌ఆర్‌ఎస్ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటినవారిలో దాదాపు 99 శాతం మంది నాన్‌వెజ్ తినేవాళ్లే. దేశంలోనే టాప్! దావత్ అంటే యాట కోయాల్సిందే అనుకునే చోట ఓ స్టార్ ఫొటో ఏం చేయగలదు?

దీనికి 1983 నాటి ఓ అమెరికా ప్రయోగంలో కొంత జవాబు దొరుకుతుంది. పెట్టీ, కాసియొప్పో, షూమన్ అనే పరిశోధకులు 'ఎడ్జ్' అనే లేని బ్రాండ్ రేజర్‌కు యాడ్స్ తయారుచేసి విద్యార్థులకు చూపించారు. రేజర్ సంగతి పెద్దగా పట్టనివాళ్లపై ఫేమస్ ఆటగాళ్ల ఫొటో బాగా పనిచేసింది. కాసేపట్లో మీరే ఒక రేజర్ ఎంచుకోవాలి అని ముందే చెప్పినవాళ్లు మాత్రం మొహం కంటే యాడ్‌లో చెప్పిన కారణాల్లో పస ఉందా అని చూశారు.

వెజ్ యాడ్స్ కథా అంతే. ఫోన్‌లో రీల్స్ తిప్పుతున్నప్పుడు స్టార్ కనిపిస్తే వేలు ఆగుతుంది, లైక్ పడుతుంది. ఆదివారం పొద్దున ఏం కూర అన్నది తేల్చేటప్పుడు లెక్క వేరు. కిలో ధర, పిల్లల ఇష్టం, ఇంటికొచ్చే చుట్టం.. అక్కడ హీరో గుర్తుకురాడు. పైగా లెట్యూస్ ఆకుల డ్రెస్‌తో పెటా చేసే తరహా ప్రచారం కోరుట్లలో ఎవరి గురించి అనుకోవాలి? ఇక్కడి సంతలో దొరికేది పాలకూర, గోంగూర.

మాంసం రుచినే అమ్మే వెజ్ యాడ్స్ ఇంకో రకం. 'బొమ్మరిల్లు' జెనీలియా, రితేశ్ దేశ్‌ముఖ్ జంట 2021లో 'ఇమాజిన్ మీట్స్' తెచ్చింది. 2022లో విరాట్ కోహ్లీ, అనుష్క 'బ్లూ ట్రైబ్'కు ప్రచారకర్తలయ్యారు. అచ్చం మాంసంలాగే ఉంటుందని చెప్పడమంటే, ఆ రుచిని వదలడం కష్టమని ఒప్పుకున్నట్టే! ఇలాంటి ప్రొడక్ట్స్ యాడ్ తప్పుదారి పట్టిస్తే సెలబ్రిటీకీ బాధ్యత ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా పడొచ్చు.

మరి ఈ ఊళ్లలో నీసు మాన్పించేది ఎవరు? జగిత్యాల జిల్లాలోని కొండగట్టు అంజన్న! హనుమాన్ దీక్ష మాల వేసుకుంటే 41 రోజులు, లేదా 21, 11 రోజులు నీసు ముట్టరు. కార్తీకంలో అయ్యప్ప మాలలు. శనివారం, శ్రావణ మాసం సరేసరి. ఇక్కడ ఎవరూ జీవితాంతం మానేయమనరు. గడువు ఉంటుంది, మెడలో మాల ఉంటుంది, వాడకట్టంతా చూస్తుంటుంది, ఇంట్లో వంట కూడా మారుతుంది. ఏ యాడ్ ఏజెన్సీ దగ్గరా ఇన్ని లేవు. అయితే మాల తీశాక చాలామంది మళ్లీ మటన్ షాపు దారి పడతారన్నదీ నిజమే.

ఇందులో ఆరోగ్యం సంగతీ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్వాడీలో భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. సిరిసిల్లలో బీడీలు చుట్టే గర్భిణికి ఆ గుడ్డు చిన్న విషయం కాదు. స్టార్ గుడ్డు, మాంసం వద్దంటాడు.. వాటి బదులు ఏం తినాలో 30 సెకన్ల యాడ్‌లో చెప్పడు.

శాకాహారంతో ఆరోగ్యంగా ఉండొచ్చు. పప్పులు, పల్లీలు, ఆకుకూరలు, పాలు, పెరుగు రోజూ పళ్లెంలో ఉండాలి. బి12 విటమిన్ సహజంగా జంతు ఆహారంలోనే దొరుకుతుంది కాబట్టి పాలు కూడా మానేసేవాళ్లు సప్లిమెంట్ల గురించి డాక్టర్‌ను అడగాలి. గర్భిణులైతే నీసు మానే ముందే అడగాలి.