విదేశీ భాషలోకి వెళ్లేముందు పత్రం సరిచూసుకోండి

గుంటూరు మిర్చి చైనా, థాయ్‌లాండ్, ఇండొనేషియా, మలేషియా తదితర దేశాలకు ఎగుమతి అవుతోంది. సరకుతోపాటు ధరల పట్టిక, ఒప్పంద పత్రం, వెబ్‌సైట్ కూడా కొనుగోలుదారు భాషలోకి మారాల్సి ఉంటుంది. అనువాదంలో దొర్లే తప్పుల్లో చాలావాటికి బీజం మనం పంపే పత్రంలోనే ఉంటుంది. ధర, తూకం, తేదీ.. వీటిలో ఏ ఒక్కటి తప్పుగా అర్థమైనా నష్టపోయేది వ్యాపారే. ఎగుమతిదారులు పాటించాల్సిన జాగ్రత్తలివీ.

యార్డు మాటలు విప్పి రాయాలి: 'టిక్కీ' అంటే ఏమిటో మిర్చి యార్డులో అందరికీ తెలుసు. విదేశీ వ్యాపారికి తెలియదు. టిక్కీలు, క్వింటాళ్లకు బదులు కిలోలు, టన్నుల్లో రాయాలి. 'తాలు' అంటే రంగు పోయి తెల్లబారిన కాయ అని వివరణ ఇవ్వాలి. 'తేజ' అన్నది రకం పేరు. దానిని అర్థాన్నిబట్టి అనువదిస్తే సరకే మారిపోతుంది. ఇటువంటి పదాల పట్టికను అనువాదకునికి ముందే అందజేయాలి.

అంకెలు, తేదీలు: 10,00,000 అని కామాలు పెట్టే పద్ధతి మన ఉపఖండం దాటితే అలవాటు లేదు. చైనా, జపాన్, కొరియా భాషల్లో పెద్ద సంఖ్యలను పదివేల చొప్పున లెక్కిస్తారు. మన పది లక్షలు వారికి వంద పదివేలు. కాబట్టి 'లక్షలు' అని వదిలేయకుండా మొత్తాన్ని పూర్తి అంకెల్లో, కరెన్సీ పేరుతో సహా రాయాలి. 03-04 అన్న తేదీని ఏప్రిల్ 3గానూ, మార్చి 4గానూ చదవవచ్చు. నెల పేరు అక్షరాల్లో ఉండాలి. థాయ్‌లాండ్‌లో బౌద్ధ శకం వాడుకలో ఉంది. మన 2025 వారికి 2568.

లిపి ఏదో చెప్పాలి: 'చైనా భాషలోకి' అంటే చాలదు. చైనా ప్రధాన భూభాగం, సింగపూర్‌లలో సరళీకృత లిపి, తైవాన్, హాంకాంగ్‌లలో సంప్రదాయ లిపి వాడతారు. మలేషియా, ఇండొనేషియా భాషలు దగ్గరివే అయినా ఒకటి కావు.

వెబ్‌సైట్‌లో: అక్షరాలన్నీ యూనికోడ్‌లో ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాఠం వేరే కంప్యూటరులో అర్థంకాని గుర్తులుగా మారుతుంది. బొమ్మలో కలిపేసిన అక్షరాలను అనువాదకుడు మార్చలేడు, విడిగా ఇవ్వాలి. థాయ్‌లో పదాల మధ్య ఖాళీ ఉండదు కనుక వాక్యం ఎక్కడ విరుగుతుందో చూసుకోవాలి. గల్ఫ్ దేశాల కోసం అరబ్బీ పేజీ పెడితే అమరిక కుడి నుంచి ఎడమకు మారాలి.

చివరి పరిశీలన: యంత్రానువాదం చిత్తుప్రతికి పనికొస్తుంది, సంతకం పెట్టే పత్రానికి అదొక్కటే చాలదు. అనువదించినవారు కాక మరొకరు మూలంతో పోల్చి చూడాలని 2015 నాటి ఐఎస్‌వో 17100 ప్రమాణం నిర్దేశిస్తోంది. భాష రాకపోయినా అంకెలను మనమే పక్కపక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. రెండు భాషల ప్రతుల మధ్య తేడా వస్తే ఏది చెల్లుతుందో ఒప్పందంలోనే రాసుకోవాలి. సరకు ఓడ ఎక్కాక వాదించి ప్రయోజనం ఉండదు.