తెర సాక్షి మాత్రమే

ఈ ఎపిసోడ్ చరిత్ర గురించే. కాకపోతే మొదలు మాత్రం మా ఇంట్లో.

కిందటి నెల కొత్త డెస్క్‌టాప్ కంప్యూటర్ కొన్నాను, ఈ వీడియోల ఎడిటింగ్ కోసమే. దానితో పాటు 27 అంగుళాల 4కె మానిటర్. షాపు నుంచి వచ్చిన కుర్రాడు అన్నీ బిగించి, ఆన్ చేసి, "చూసుకోండి సార్, అంతా ఓకే" అని చూపించి వెళ్లాడు. మర్నాటి నుంచి గొడవ మొదలైంది. పని చేస్తుండగా తెర ఒక్కసారి నల్లబడుతుంది, రెండు క్షణాల్లో మళ్లీ వస్తుంది. ముదురు రంగు బొమ్మల మీద తెల్లటి మెరుపు చుక్కలు. మూడో రోజుకి నాకు ఓపిక పోయింది. ఆ కుర్రాడికి ఫోన్ చేసి, "పాడైపోయిన మానిటర్ అంటగట్టారు, కొత్త వస్తువు ఇలాగేనా ఇచ్చేది?" అని గట్టిగానే అన్నాను. పాపం, అతను "సార్, ఒకసారి కేబుల్..." అనబోయాడు. నేను విననే లేదు.

ఫోన్ పెట్టేశాక ఆలోచన వచ్చింది. తెర మీద తప్పు కనిపిస్తే తప్పు తెరదే అని మనం ఎందుకు అనేసుకుంటాం? దీనికి పెద్ద చరిత్రే ఉంది.

మీలో కొంచెం పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. మా ఇంట్లో టీవీ ఆ తర్వాత చాన్నాళ్లకి వచ్చింది. బొమ్మ కింది నుంచి పైకి దొర్లిపోతుంటే నాన్న టీవీ నెత్తిన ఒక్కటి ఇచ్చేవారు. నేనేమో డాబా మీద యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరిచేవాణ్ని. కింద నుంచి "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని జవాబు. అసలు ఆ దొర్లడం ఏంటంటే, ప్రసారంలో బొమ్మతో పాటు "ఇక్కడ కొత్త బొమ్మ మొదలు" అని చెప్పే సంకేతం ఒకటి వస్తుంది. సిగ్నల్ బలహీనమైనా, లోపలి సర్క్యూట్ కాలం తప్పినా టీవీకి ఆ సంకేతం అందదు. బొమ్మ ఎక్కడ మొదలెట్టాలో తెలియక దొర్లుతుంది. తెర గాజుకి ఏ రోగమూ లేదు. దెబ్బలు మాత్రం దానికే.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1948, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం. ఫ్రెడరిక్ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్ అనే ఇద్దరు ఇంజనీర్లు టీవీ పిక్చర్ ట్యూబులాంటి ట్యూబునే కంప్యూటర్ మెమరీగా వాడారు. ట్యూబు ముఖం మీద చుక్కలుగా విద్యుదావేశం నిలబెడతారు. ఒక్కో చుక్క ఒక్కో బిట్. అది క్షణంలో చెరిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ చదివి, మళ్లీ మళ్లీ రాస్తుండాలి. చదవడానికి ఆ ట్యూబు ముఖానికి ఒక లోహపు పలక అడ్డుపెట్టారు. దాంతో చుక్కలు మనిషి కంటికి కనబడవు. అందుకని అవే చుక్కలు చూపించడానికి విడిగా ఇంకో ట్యూబు పెట్టారు.

ఇక్కడ గమనించండి. ఆ రెండో ట్యూబు సినిమా చూడ్డానికో, ఆటకో పెట్టింది కాదు. యంత్రం కడుపులో ఏం జరుగుతోందో చూడ్డానికి పెట్టింది. మొదటి ప్రయత్నాల్లో స్విచ్ నొక్కగానే ఆ చుక్కలు పిచ్చిగా గంతులు వేసేవని, తప్పు ఎక్కడుందో అంతుపట్టేది కాదని విలియమ్స్ తర్వాతి కాలంలో గుర్తు చేసుకున్నాడు. చివరికి 1948 జూన్ 21న ప్రోగ్రాం 52 నిమిషాలు నడిచి ఆగింది. జవాబు ఉండాల్సిన చోట ఉంది. మెమరీలో దాచుకున్న ప్రోగ్రాంతో ఎలక్ట్రానిక్ కంప్యూటర్ నడవడం అదే మొదలు. చుక్కల పిచ్చి గంతులు తెర తప్పు అనుకుని వాళ్లు ఆ ట్యూబు మార్చుకుంటూ కూర్చుంటే కథ ముందుకు కదిలేదా?

ఇప్పుడు 1981కి వద్దాం. ఆ ఆగస్టులో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ వచ్చింది. రంగుల కోసం దానికి సీజీఏ అనే కార్డు ఉండేది, 16 కిలోబైట్ల మెమరీతో. 80 అక్షరాల వరుసలో టెక్స్ట్ చూపిస్తుంటే తెర మీద తెల్లగా మంచు రాలినట్టు చుక్కలు పడేవి. కొన్నవాళ్లకి మానిటర్ మీదే అనుమానం రావడం సహజం. అసలు సంగతేంటంటే, కార్డులోని మెమరీ ఒకే గుమ్మం ఉన్న గదిలాంటిది. తెరకి బొమ్మ పంపే సర్క్యూట్ అందులోంచి చదువుతున్న సమయానికే ప్రాసెసర్ వచ్చి రాయబోతే, గుమ్మం ప్రాసెసర్‌దయ్యేది. పాపం, తెర సర్క్యూట్ చేతికి ఏది దొరికితే అది పంపేది. అదే మంచు. ప్రోగ్రామర్లు ఉపాయం కనిపెట్టారు. తెర మీద కిరణం ఒక గీత పూర్తిచేసి వెనక్కి మళ్లే ఆ చిన్న విరామంలో మాత్రమే రాయాలి. ఐబీఎం సొంత బయోస్ అయితే టెక్స్ట్ పైకి జరిపేటప్పుడు తెరనే కాసేపు ఆపేసేది. మంచు పోయింది, రెపరెపలు వచ్చాయి!

అంతకు ముందు ఏడాదే, 1980లో, ప్యాక్‌మ్యాన్ ఆట వచ్చింది. 256వ లెవెల్‌కి చేరితే తెర కుడి సగమంతా అక్షరాల చెత్తతో నిండిపోతుంది. కారణం, లెవెల్ లెక్క ఒక్క బైట్‌లో దాచారు. 255 దాటితే అది సున్నా అవుతుంది. దాంతో కింద పళ్ల బొమ్మలు గీసే భాగం లెక్క తప్పి 256 పళ్లు గీయబోతుంది. అక్కడ తెర బాగుంది, మెషీన్ బాగుంది, తప్పంతా లెక్కది.

1978లో ఇంటెల్ ఇంజనీర్లు టిమొతీ మే, మరే వుడ్స్ ఇంకో వింత బయటపెట్టారు. మెమరీ చిప్‌లలో బిట్లు ఉన్నట్టుండి తారుమారవుతున్నాయి. చిప్ చెడిపోలేదు, మళ్లీ రాస్తే బాగానే ఉంటోంది. తీరా చూస్తే చిప్ చుట్టూ ఉన్న ప్యాకింగ్ పదార్థంలోని యురేనియం, థోరియం ఆనవాళ్ల నుంచి వచ్చే ఆల్ఫా కణాలు ఆ పని చేస్తున్నాయి. దొంగ చిప్‌లో కాదు, చిప్ తొడుక్కున్న చొక్కాలో ఉన్నాడన్నమాట.

సరే, మా మానిటర్ దగ్గరికి వద్దాం. అక్కడికి రావాలంటే ఒక్క మెట్టు ఎక్కాలి. 1987లో వచ్చిన వీజీఏ అనలాగ్ పద్ధతి. అందులో ఎరుపు తీగ వదులైతే ఎరుపు పోయి బొమ్మ నీలి ఆకుపచ్చగా మారేది. రోగం ఏంటో రంగే చెప్పేది. కేబుల్ నాసిదైతే బొమ్మ కొంచెం మసకబారేది, అంతే. 1999లో డీవీఐ, 2002 చివర్లో హెచ్‌డీఎంఐ వచ్చాక బొమ్మ అంకెలుగా వెళ్లడం మొదలైంది. అంకెలకి మసకబారడం తెలియదు. చాలినంత కాలం అద్భుతంగా ఉంటుంది. చాలకపోతే ముందు మెరుపు చుక్కలు, ఆ తర్వాత నల్ల తెర.

ఇది అర్థమయ్యాక కూర్చుని ఒక్కొక్కటే పరీక్షించాను. మీరూ ఇదే వరుసలో చేయండి. మొదట, చుక్కలు కనబడుతున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోన్‌కి పంపుకుని చూడండి. అందులోనూ చుక్కలుంటే తప్పు కంప్యూటర్ లోపల, అంటే గ్రాఫిక్స్ కార్డులోనో, దాని డ్రైవర్‌లోనో, ప్రోగ్రాంలోనో ఉన్నట్టు. నాది శుభ్రంగా ఉంది. అంటే తప్పు బొమ్మ బయల్దేరాక జరుగుతోంది. రెండోది, కేబుల్ ఊడదీసి మానిటర్ సొంత మెనూ తెరిచాను. అది కంప్యూటర్ నుంచి రాదు, మానిటరే గీసుకుంటుంది. అదీ నిలకడగానే ఉంది. ఇక మిగిలింది దారి. మూడోది, సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు 60 హెర్ట్జ్ నుంచి 30కి తగ్గించాను. గంటసేపు ఒక్క చుక్క లేదు!

ఇక్కడ మీకు చెప్పని సంగతి ఒకటుంది. నిజానికి నాకు నేనే చెప్పుకోలేదు. ఆ కుర్రాడు వెళ్లాక సీపీయూని టేబుల్ కిందకి జరిపాను. డబ్బాలో వచ్చిన కేబుల్ పొడుగు చాలలేదు. పాత టీవీ వెనకున్న పొడుగు హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చి పెట్టాను. అది 1.4 కాలం నాటిది, సెకనుకు 10.2 గిగాబిట్ల వరకే దాని పూచీ. 4కె బొమ్మ 60 హెర్ట్జ్‌లో వెళ్లాలంటే దాదాపు 18 గిగాబిట్లు కావాలి. ఎడ్లబండి బాట మీద లారీ తోలానన్నమాట. సీపీయూ పైకెత్తి, డబ్బాలోని కేబుల్ పెట్టాను. అంతే, అయిపోయింది.

ఆ సాయంత్రం ఆ కుర్రాడికి మళ్లీ ఫోన్ చేశాను. "బాబూ, తప్పు నాది, ఏమనుకోకు" అన్నాను. అతను నవ్వి, "పర్లేదు సార్, అందరూ ముందు మానిటర్‌నే అంటారు" అన్నాడు. మానిటర్ తర్వాత తిట్లు ఎవరికి పడతాయో మాత్రం అతను అనలేదు, పెద్దమనిషి.

మాంచెస్టర్ చుక్కల దగ్గర్నుంచి మా ఇంటి మెరుపుల దాకా తెర చేసింది ఒకటే పని. లోపల జరిగింది మనకి చెప్పింది. సాక్షిని పట్టుకుని ముద్దాయిని చేసింది మనం. కొత్త కంప్యూటర్ కొని తెర గంతులేస్తే కోప్పడకండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, ఏం మార్చారో కాగితం మీద రాసుకోండి. అన్నిటికన్నా ముందు, షాపు వాళ్లు వెళ్లాక మీరేం మార్చారో గుర్తు తెచ్చుకోండి.

మీ ఇంట్లో ఇలాంటి కథ ఉంటే రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.