గాడిలోని పాట, అంకెలలోని పాట

కోరినప్పుడు కోరిన పాటను ఇంటిలో కూర్చుండి వినగలుగు భాగ్యము మానవునకు దక్కి నూటయేబది సంవత్సరములకు మించలేదు. అంతకు పూర్వము పాట వినవలెనన్న పాడువాడు ఎదుట నుండవలసినదే. 1877లో అమెరికాలో థామస్ ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్తంభముపై మాటను ముద్రించి మరల పలికించెను. పదేండ్లకు, 1887లో, ఎమిలీ బెర్లినర్ స్తంభమును విడిచి బల్లపరుపు పళ్లెమును చేపట్టెను. పళ్లెమునకు గల సుగుణ మొక్కటే, కాని అది గొప్పది: ఒక అచ్చునుండి వేలకొలది ప్రతులను తీయవచ్చును. సంగీతము పుస్తకమువలె అంగడి సరుకైనది అప్పుడే.

ఆ సరుకునకు ముడిపదార్థము చాలవరకు మన దేశమునుండియే పోయెడిది. ఛోటానాగపూర్ ప్రాంతపు మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు పెట్టు లక్కను శుద్ధిచేసి, రాతిపొడి కలిపి, వేడిమీద అదిమినచో నల్లని గ్రామఫోను రికార్డు తయారగును. హైదరాబాదు లాడ్ బజారులో గాజులై మెరయునదియు ఈ లక్కయే! అది నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పదంగుళముల రికార్డు ఒక ప్రక్కన మూడు నిమిషములకు కొంచెము మించి పలుకును. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడి, పాట చివర తన పేరును ఇంగ్లీషులో తానే చెప్పెను. జర్మనీలో అచ్చువేయువారు గుర్తించుటకై ఆ యేర్పాటు జరిగినదందురు.

మూడు నిమిషముల యీ కొలత సంగీతమునే కత్తిరించినది. మన నాటకరంగమున ఒక్క పద్యమునకు రాగము సాగదీసి, వన్స్‌మోర్ కేకలు చెలరేగగా మరల మొదటినుండి ఎత్తుకొను నటుడు, రికార్డింగు యంత్రము నెదుట గడియారమునకు లోబడవలసి వచ్చెను. ఇది నష్టమే యని చెప్పుటకు నాకు నోరు రాదు. ఆ యిరుకులోనే క్లుప్తత యను గుణము పుట్టినది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిన ‘పుష్పవిలాపము’ రికార్డును విన్నవారికి ఆ సంగతి విశదము.

1948 జూన్ మాసములో అమెరికాలోని కొలంబియా సంస్థ లక్కకు బదులు వినైల్ అను ప్లాస్టిక్కును, 78 చుట్లకు బదులు ముప్పదిమూడున్నొకటి బై మూడు చుట్లను ప్రవేశపెట్టెను. గాడి సన్నబడినది, ఒక ప్రక్కన ఇరువది నిమిషములకు పైగా పాట పట్టినది, బరబర చప్పుడు తగ్గినది. 1958నాటికి ఒకే గాడి యొక్క రెండు గోడలలో రెండు ధ్వనులను దాచు స్టీరియో రికార్డులు విపణికి వచ్చెను. ఘంటసాలవారి భగవద్గీత 1974లో, ఆయన మరణానంతరము, ఇట్టి లాంగ్ ప్లే రికార్డుగానే వెలువడి తెలుగువారి యిండ్లలో ప్రాతఃకాలపు ధ్వని యైనది. మూడేసి నిమిషముల ముక్కలుగా నున్నచో అది అట్లు నిలిచెడిదా యనునది ఆలోచింపదగిన విషయము.

అయితే, గాడిలో నున్నది గాయకుని కంఠమునకు యథాతథమైన ప్రతిబింబమని పలువురనుకొనుట సరికాదు. మంద్రధ్వనులను ఉన్నవియున్నట్లు చెక్కినచో గాడి ప్రక్కగాడిలోనికి చొచ్చుకొనిపోవును. కావున వానిని తగ్గించి, తారధ్వనులను హెచ్చించి చెక్కుదురు. వినునపుడు యంత్రము ఆ లెక్కను తారుమారు చేయును. ఈ తూకమునకు 1954లో అమెరికాలో ఒక ప్రమాణ మేర్పడినది. మరియొక చిక్కు కలదు. పండ్రెండంగుళముల రికార్డు వెలుపలి అంచున ముల్లు క్రింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి నడచును. లోపలి చివరకు వచ్చుసరికి 21 మాత్రమే. పాట చివరిభాగమునకు చోటు కరవగును. ఆఖరి కీర్తన కొంత మొద్దుబారినట్లు వినిపించుటకు తరచు కారణ మిదియే. గాయకుని యలసట కాదు.

అంకెల పద్ధతి కథ వేరు. ధ్వనితరంగము ఎత్తును మిక్కిలి తరచుగా కొలిచి ఆ కొలతలనే వ్రాసిపెట్టుట దాని పద్ధతి. 1982 అక్టోబరు 1వ తేదీన జపానులో సోనీవారి యంత్రముతో అమ్మకమునకు వచ్చిన కాంపాక్ట్ డిస్కు సెకనుకు 44,100 పర్యాయములు కొలుచును. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు. కొలతకు కొలతకు నడుమనున్న సంగీతము జారిపోదా యని ప్రశ్నింతురు. పోదు. వృత్తముపై మూడు బిందువులు తెలిసినచో తక్కిన వృత్తమంతయు తానే నిర్ణీతమగుచున్నది గదా! అట్లే కొలత వేగములో సగమునకు లోబడిన ధ్వనులన్నియు పూర్తిగా తిరిగి వచ్చునని క్లాడ్ షానన్ 1949లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. మానవుని చెవి వినగల మేర సెకనుకు 20,000 కంపనములు. డిస్కు అంతకు మించియే పట్టును.

కొలబద్దతో చూచినచో తీర్పు స్పష్టము: నిశ్శబ్దమునందును, నిలకడయందును డిస్కుదే పైచేయి. మరి వినైల్ మధురమని చెప్పువా రందరు భ్రమపడుచున్నారా? అట్లని నే ననను. 1990 దశకమునుండి డిస్కులు తయారుచేయువారు ఒకరినొకరు మించవలెనని పాటలను అంతటను గట్టిగా మ్రోగునట్లు నొక్కివేసిరి; మెల్లని స్వరమునకు గట్టి స్వరమునకు భేదము నశించెను. గాడిలో ఆ దౌర్జన్యము అంతగా సాగదు. అదే పాట వినైల్‌పై కొంత ఊపిరి పీల్చినట్లు తోచినచో, ఆ ఘనత ప్లాస్టిక్కుది కాదు, దానిని సిద్ధపరచిన వాని చేతిది. అంకెలు ఏ మాత్రము తగులని రికార్డులని రసికులు మెచ్చి కొనుచుండిన అమెరికాలోని మొబైల్ ఫిడెలిటీ సంస్థవారి పళ్లెములలో పెక్కింటి తయారీలో డిజిటల్ మజిలీ యున్నదని 2022లో బయటపడెను. అంతవరకు చెవులెవ్వియు దానిని పసికట్టలేదు.

అయినను ఆ సంవత్సరమే అమెరికాలో 4 కోట్ల 10 లక్షల వినైల్ రికార్డులు అమ్ముడుపోగా డిస్కులు 3 కోట్ల 30 లక్షలే పోయినవి. 1987 తరువాత వినైల్ సంఖ్యలో ముందుకు వచ్చుట అదియే ప్రథమము. ఫోనులో నెలచందాకు వచ్చు పాట మనది కాదు. చందా ఆగిననాడు ఆగును, సంస్థ తొలగించిననాడు మాయమగును. అట్టపెట్టెలోని రికార్డు ఇంటి ఆస్తి. ఈ యొక్క వాదమును అంకెల పక్షమువారు ఇంతవరకు ఖండింపలేదు.

మన యిండ్ల అటకలపై నున్న లక్క రికార్డుల మాట ఇంతకంటె తొందరైనది. వానిలో కొన్ని ఏ డిస్కునకును, ఏ ఫోనునకును ఎక్కలేదు. ప్రతి పర్యాయము ముల్లు కొంత పాటను గీకివేయును. అంకెలకు మార్చినచో ఒక్కసారి వినుటతో పని తీరును, పిదప ఎన్ని ప్రతులైనను తరుగులేదు. అంతవరకు వానిని ఒకదానిపై నొకటి పేర్చక పుస్తకములవలె నిలువుగా, ఎండ తగులనిచోట నుంచవలెను. లాంగ్ ప్లే రికార్డు ముల్లు 78 గాడికి మిక్కిలి సన్నము. అడుగునకు జారి దుమ్మునే పలికించును. వెడల్పు ముల్లు వేరుగా దొరకును, అడిగి తెచ్చుకొనవలెను.